చెట్టు ముక్కులు కోసిన దీపావళి

నిన్న మా అమ్మాయి రాజపాళయం సంతలో పీతలు కొనుక్కొచ్చింది. వాటి కాళ్ళకంటిన నల్లబురద వాసన తగలగానే తూత్తుక్కుడి పక్కన సముద్రం ఒడ్డున మా చిన్నమ్మ ఇల్లు, దాని ముందున్న మడచెట్లు, ఉప్పుగాలికి జిగటెక్కిన నా జడ, అన్నీ వచ్చి ముందు కూర్చున్నాయి.

మా ఊరు సేత్తూరులో వాన లేక చేలో పని దొరకని ఏడు అది. దీపావళి వచ్చే ఐప్పసి నెలలో, వానలు దిగకముందే ఉప్పుకుప్పల మీద తాటాకు కప్పే పని ఉందని చిన్నమ్మ కబురు పెడితే నాన్న మమ్మల్ని అక్కడికి తీసుకుపోయాడు. దీపావళికి మురుకులు కాల్చాలంటే ఎండుకట్టె లేదు. మడచెట్ల కింద బురదలో జానెడేసి పుల్లలు నిటారుగా నిలబడి ఉంటే, పత్తికట్టె కోసినాక చేలో మిగిలే మోళ్ళే అనుకుని అమ్మ కొడవలితో ఒడినిండా కోసుకొచ్చింది.

చిన్నమ్మ తల పట్టుకుంది. “అక్కా, అవి కట్టెలు కాదు, చెట్టుకు ముక్కులు. బురదలో ఊపిరాడదని పైకి పెట్టుకొని ఉండాయి.”

“ముక్కులైతే ముక్కుత్తి పెట్టి ఉండాల్సింది. నేనేమి కంటినా?” అంది అమ్మ తన ముక్కుపుడక తడుముకుంటూ.

“నవ్వులాట కాదక్కా. ఈ చెట్లుండబట్టే అల మా వాకిలి తొక్కలే.”

మర్నాడు నాన్న ఉప్పు దగ్గరికి పోయాక గాలి లేచింది. మధ్యాహ్నానికి సముద్రం ఇంటికంటే ఎత్తుగా కనబడింది. ముక్కులు కోసిన పాపమే నాన్నను పట్టిందని అమ్మ కాగిన నూనెను అలాగే వదిలేసి వాకిట్లో కూలబడింది. అల వచ్చి చెట్లను కొట్టేది, కొమ్మల్లో నురగై చీలేది, మా దగ్గరికి వచ్చేసరికి ఆకులూ రొయ్యపిల్లలూ మోసుకుని చీలమండ లోతుకు తగ్గేది. పొద్దుగూకే వేళ నాన్న ఒక చెట్టు వదిలి ఇంకో చెట్టు పట్టుకుంటూ, మెడదాకా బురదతో వచ్చాడు.

“చెట్టు దొరికింది, పట్టుకొని నిలిచినాను. మురుకులు అయినాయా?”

అమ్మ ఏడుస్తూనే నవ్వింది. తెల్లారి మిగిలిన పుల్లలన్నీ తీసుకుపోయి బురదలో వరసగా గుచ్చి, బిందెడు మంచినీళ్ళు కూడా పోసింది.

“గుచ్చితే వచ్చేదానికి అది మునగ కొమ్మా అక్కా?” అంది చిన్నమ్మ. అమ్మ వినలేదు.

ఆ చెట్టు పట్టుకుని బతికిన నాన్నే నా పెళ్ళి చేశాడు. నా మొగుడు చనిపోయినప్పుడు నా గడపలో కూర్చుని నాకు గంజి తాగించాడు. బాగా ముసలై, తన మంచం మీదే పోయాడు. ఆమధ్య పోయి చూస్తే చిన్నమ్మ ఇల్లు లేదు, తాటాకు కప్పేవాళ్ళు లేరు, కుప్పల మీద అంతా ప్లాస్టిక్ పట్టాలే. చెట్లు మాత్రం మునుపటికంటే ఒత్తుగా ఉన్నాయి. అడుగు పెట్టే చోటు లేకుండా ముక్కులు లేచి ఉంటే, కడుపు చల్లబడేదాకా చూసి, గట్టు మీద నుంచే వెనక్కి తిరిగాను.