నీళ్లు రాకముందు పాడిన పాట

కృపమణక్క బతికే ఉంది. ఈ మాట ముందే చెప్పడం మంచిది. మా వైపు మనిషి పోయాక, సమాధి దగ్గర నిలబడినప్పుడే ఆ మనిషి చేసిన మేలు అందరికీ గుర్తుకొస్తుంది. అట్లా కాకుండా, పొద్దున్నే మా వాకిలి ముందు పోతూ "ఏమప్పా ప్రసాదూ, లేచినావా? నడుం లేయనిచ్చిందా?" అని ఆమె పలకరించే రోజుల్లోనే రాయాలనుకున్నాను.

నా పేరు యేసుప్రసాద్. బనగానపల్లెకు దగ్గర్లో ఒక చిన్న ఊరు మాది. ఊరికి పడమర మా కాలనీ, దాని నడుమ రాతి చర్చి. నేను నాపరాళ్ల గనిలో బండలు లారీకెత్తే పని చేస్తాను. బడి తొందరగానే మానేశాను. బండలు ఎత్తీ ఎత్తీ నడుం ఎప్పుడో చేతులెత్తేసింది.

కృపమణక్క కూడా కష్టంలోనే నానిన మనిషి. భర్త ఎర్రగుంట్ల సిమెంటు లారీల మీద క్లీనరుగా పోయేవాడు. ఘాట్ రోడ్డులో లారీ బోల్తా పడి చనిపోయాడు. చంకలో ఆడపిల్ల. ఆ పిల్లను పెట్టుకుని మామిడి తోటల్లో చేరింది. కాయలు కోయడం, ఏరడం, గడ్డి పరిచి పెట్టెల్లో సర్దడం. పిల్లకు పాలు తాపుతూనే కాయలు ఏరేదని మా అమ్మ చెప్పేది. ఆ పిల్ల ఇప్పుడు కడపలో నర్సు.

ఆమెకు ఒక అలవాటు ఉంది. తెలియని మాట వింటే, తెలిసినట్టు తల ఊపదు. "అంటే?" అని అడుగుతుంది. డాక్టరునైనా అడుగుతుంది, కండక్టరునైనా అడుగుతుంది. ఒక ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారి ప్రసంగం మంచి ఊపులో ఉండగా, వెనక వరసలోంచి "అంటే ఏందయ్యా?" అనింది. అయ్యగారు ఆగి, నవ్వి, మళ్లీ మొదటినుంచి చెప్పారు. ఆ రోజే నాకు కూడా అర్థమయింది. అప్పటినుంచి కుర్రాళ్లు ఆమె ఎదురొస్తే "అంటే అక్క వస్తాంది, పారిపోండ్రా" అని ఏడిపించేవాళ్లు. ఆమె కోపం తెచ్చుకునేది కాదు.

ఊళ్లలో ప్రభుత్వ పనులు సరిగ్గా జరిగాయో లేదో చూసే సోషల్ ఆడిట్ వాళ్లకు, చదవడం వచ్చిన ఊరి మనుషులు సాయంగా కావాల్సి వచ్చింది. అయ్యగారు కృపమణక్క పేరు చెప్పారు. పది పాసయిన మనిషి. నంద్యాలలో శిక్షణకు పోయి వచ్చింది.

ఇక నీళ్ల సంగతి.

మా కాలనీ చేతిపంపులో ఉప్పునీళ్లు. తాగేందుకు రెడ్లవారి తోట బోరు దగ్గరికి పోవాలి. నా భార్య ప్రసన్నకుమారికి గర్భసంచి తీసేశారు. బరువు ఎత్తితే కుట్లు విడతాయని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నేను తెల్లారకముందే గనికి పోవాలి. ముందురోజు నేను తెచ్చిన నీళ్లు మధ్యాహ్నానికి అయిపోతాయి. ఎవరినీ అడగలేక ఆమె బిందె పట్టుకుని పోయేది. ఒకరోజు సాయంత్రం ఇంటికొస్తే మంచం మీద ముడుచుకుని పడుకుని ఉంది, చీరకు రక్తం. ఆ తర్వాత గనిలో ఎంత పెద్ద బండ ఎత్తుతున్నా నా మనసులో ఆ బిందే ఉండేది.

అట్లాంటప్పుడు కాలనీకి మంచినీళ్ల ట్యాంకు వచ్చింది. ట్యాంకు కట్టారు, వీధుల్లో పైపులు వేశారు, ఇంటింటికీ కొళాయి నిలబెట్టారు. పెద్ద లైను నుంచి ట్యాంకుకు నీళ్లు తెచ్చే పైపు మాత్రం మిగిలింది. నడుమ నాపరాతి పొర అడ్డమొచ్చింది.

మా సంఘపెద్ద బాలస్వామి మామ ఊరుకోలేదు. "ఇచ్చినాక స్తోత్రం చెప్పేది ఎవడైనా చెప్తాడప్పా. ఇయ్యకముందే చెప్పాల, అదీ విశ్వాసం" అన్నాడు. ఆ మాట అందరికీ నచ్చింది. ట్యాంకుకు బంతిపూల దండలు కట్టాం, రంగు రిబ్బన్లు చుట్టాం, డోలు తెచ్చాం. కాలనీ అంతా ట్యాంకు కింద చేరి పాడాం. ప్రసన్న కూడా కొత్త చీర కట్టుకుని వచ్చింది. కాంట్రాక్టరు మనిషి ఒకడు సెల్‌ఫోనులో ఫొటోలు తీసుకుంటే, బాగా పడాలని మేమే దగ్గరికి జరిగి నవ్వాం.

ఎండాకాలం వచ్చింది. నీళ్లు రాలేదు. నేనూ మామా నీళ్ల పనులు చూసే ఆఫీసుకు పోయి అడిగాం.

"మీ పని పూర్తయిపోయింది కదా" అన్నారు అక్కడ. 

"నీళ్లు రాల్యా సార్."

"కంప్యూటర్లో పూర్తి అని ఉంది. ఫొటో కూడా ఉంది. ఇంకేం చేయాలి?"

కాలనీలోకి రాగానే కృపమణక్క కనబడితే మామ ఎగతాళిగా అన్నాడు. "ఏమే, ఊరందరినీ అంటే అంటే అంటావు కదా. పూర్తి అంటే ఏందో నువ్వే చెప్పు పో."

ఆమె నవ్వలేదు. మరుసటి వారం ఆడిట్ వాళ్లు ఇచ్చిన మా ట్యాంకు పని వివరాలు తెచ్చి, చర్చి అరుగు మీద కూర్చుని, పైకి చదివింది. అంచనా, మంజూరు, విడుదల, భౌతిక ప్రగతి, ఆర్థిక ప్రగతి. మాకు ఒక్కటీ ఎక్కలేదు.

"నాకూ ఎక్కలేదులేప్పా. నంద్యాలలో అడిగి అడిగి వాళ్ల ప్రాణం తీసినాను. తోట లెక్కన చెప్తా వినండి" అనింది. "పూత చూసి ఇన్ని కాయలు దిగుతాయంటారే, అది అంచనా. ఈ తోట నీకేలే పో అని చెప్తే మంజూరు."

"చెప్తే సరిపోతుందా? దుడ్డు చేతికి రావద్దా?" అన్నాను.

"అదే విడుదల. మంజూరైందంతా విడుదల కాదు. మనం మంజూరు అని వింటానే కుండలు కడుక్కున్నాం."

"ఆ రెండు ప్రగతులేంది?" అని ప్రసన్న అడిగింది.

"కాయ ఎంత ఊరిందో అది భౌతికం. దుడ్డు ఎంత ఖర్చయిందో అది ఆర్థికం. రెండూ ఒక్కటి కాదు. దుడ్డంతా పోయినా కాయ ఊరకపోవచ్చు. మన పనికి తిరకాసుగా ఉండాది చూడు. దుడ్డు ఇంకా మిగిలే ఉండాది. కానీ కాయ నూటికి నూరు ఊరిందని రాసినారు."

"మరి లబ్ధిదారులని రాసినారే, వాళ్లెవరు?"

"పండు తినాల్సినోళ్లు. మనమే."

"తినకముందే మన పేర్లు రాసేసినారా! చేయి కడుక్కోమని కూడా రాసినారేమో చూడక్కా" అంది ప్రసన్న. ఆ మాటకు అందరం నవ్వాం. కృపమణక్క మాత్రం ఫోనులో ఒక బొమ్మ చూపించింది. ఆ పనికి జత చేసిన ఫొటో. పూలదండలు, రిబ్బన్లు, డోలు, నవ్వుతున్న మేము. ముందు వరసలో ప్రసన్న కొత్త చీర.

మా నవ్వు అక్కడే ఆగిపోయింది.

"ఆఫీసోళ్లు దీన్ని ప్రారంభోత్సవం అనుకున్నారు. పూర్తి అని రాసినాక మిగిలిన దుడ్డు విడుదల కాదు, ఎవరూ ఆ రాయి కొట్టరు. గ్రామసభలో మనం లేచి, ఆ రోజు నీళ్లు రాలేదని చెప్పాల" అంది కృపమణక్క.

బాలస్వామి మామ లేచి నిలబడ్డాడు. "అందరి ముందర చెప్పాల్నా? నీళ్లు ఇచ్చినావని దేవునికి స్తోత్రం చెప్పి, ఇప్పుడు ఇయ్యలేదని చెప్పాల్నా? చెప్పిన స్తోత్రం వెనక్కి తీసుకునేది నా వల్ల కాదు. నోరు పడిపోతుంది."

చాలామంది మామ వైపే తల ఊపారు. నాకూ భయం వేసింది. మాట మీద నిలబడడమే మాకు మిగిలిన ఆస్తి. 

"వెనక్కి తీసుకోవడం అంటే ఏంది మామా?" అని కృపమణక్క మెల్లగా అడిగింది. మామకన్నా ముందే ప్రసన్న అందుకుంది. నలుగురిలో గొంతెత్తే మనిషి కాదు.

"మన కొళాయిలో చుక్క రాలేదని దేవునికి తెలుసులే మామా. తెలియంది ఆఫీసోళ్లకే. వాళ్లకు చెప్తే ఆయన ఎందుకు కోపం చేసుకుంటాడు? బిందె నేను మోస్తాండానని ఆయనకు తెలీదా?"

మామ ఆమె వైపు చూశాడు, తర్వాత నా వైపు. కూర్చున్నాడు.

గ్రామసభ రోజు కొత్తగా వచ్చిన ఇంజనీరు చైతన్య కూడా ఉన్నాడు. చిన్న వయసు, మర్యాద తెలిసినవాడు. ఫొటో చూసి నెత్తి గోక్కున్నాడు.

"అందరూ ఇంత నవ్వుతాండారు కదక్కా. నీళ్లు రాకుంటే ఎవరైనా ఇట్ల నవ్వుతారా?"

"మా కాలనీవాళ్లు నవ్వుతారు సార్" అంది కృపమణక్క. "మేం ముందే నవ్వుతాం."

సభ అంతా గొల్లుమంది. ఆ నవ్వుల్లోనే బాలస్వామి మామ తువ్వాలు సర్దుకుని లేచాడు. మేమెవరం లేపలేదు.

"ఆ పాట పాడించింది నేనే సార్. నీళ్లు వస్తాయని నమ్మి పాడినాం. వచ్చినాయని పాడలేదు. ఇప్పటికీ నమ్మకమే ఉండాది. నీళ్లే రాల్యా."

చైతన్య నిలబడే ఆ మాట రాసుకున్నాడు. రాతి పొర దగ్గరికి వచ్చి తన కళ్లతో చూసుకున్నాడు. పూర్తి అన్న చోట "పని జరుగుతున్నది" అని మార్చమని పైకి రాశాడు. మారడానికి ఆలస్యమయింది. కృపమణక్క ఆఫీసుకు పోయినప్పుడల్లా "ఇప్పుడు ఏమని ఉండాది సార్?" అని అడిగేదట. మారిన రోజు సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చి, "పని జరుగుతాందంటప్పా" అని పండగ కబురు చెప్పినట్టు చెప్పింది. పూర్తికన్నా ఆ మాటే మాకు తియ్యగా వినబడింది.

ఆ రాతి పొరను కూలికి కొట్టింది మా గనివాళ్లమే. నడుం ఎప్పటిలాగే నొప్పి పెట్టింది. కానీ అంత ఇష్టంగా నేను రాయి కొట్టింది ఆ ఒక్కసారే.

నీళ్లు వచ్చిన రోజు మొదట కొళాయి దగ్గింది. ఎర్రమట్టి కక్కింది. తర్వాత తేటబడింది. ఫొటో కోసం చైతన్య వస్తే కాలనీ అంతా తలలు దువ్వుకుని మా కొళాయి చుట్టూ చేరింది. మామ బంతిదండ కూడా తెచ్చాడు.

"జరగండప్పా, జరగండి" అని కృపమణక్క అందరినీ పక్కకు నెట్టింది. "మీరు పోయినసారి పడినారు కదా ఫొటోలో. ఈసారి నీళ్లు పడనీ."

ప్రసన్నను పిలిచి కొళాయి తిప్పమంది. ఆ ఫొటోలో మొహాలు లేవు. ఒక చెయ్యి, రెండు గాజులు, ధారగా నీళ్లు.

"ఇప్పుడు పాడొచ్చా?" అని మామ అడిగాడు.

"ఇప్పుడు గొంతు చించుకో మామా" అంది ఆమె.

ఇప్పుడు నేను గని నుంచి వచ్చేసరికి ప్రసన్న గడప మీద కూర్చుని చెంబుతో కుండ నింపుతూ ఉంటుంది. బిందె ఎత్తే పని లేదు. కుట్ల నొప్పి పోయింది. కృపమణక్క ఆ దారిన పోతే ప్రసన్న పిలిచి, మొదటి చెంబు ఆమెకే ఇస్తుంది. ఎండలో తిరిగి వచ్చిన మనిషి కదా, అక్క గటగటా తాగి, మూతి తుడుచుకుని, ఖాళీ చెంబు మళ్లీ కొళాయి కింద పెడుతుంది.