నేను బేరమాడి కొన్న ఖాళీ సీడీలు

నగర్తపేట బజారులో పదమూడు రూపాయలు చెప్పిన ఖాళీ సీడీని తొమ్మిదికి దించి, ఆరువందల సీడీలు ఒకేసారి కొన్న ఘనత నాది. బెంగళూరులోని ఒక గుండె ఆసుపత్రిలో స్టోర్స్ ఆఫీసరుగా అప్పుడే చేరాను. యాంజియోగ్రామ్ చిత్రాలను రోగికి సీడీలో రాసి ఇచ్చే రోజులవి. మాది కిరాణా కుటుంబం. మూట నడుమ నుంచి పిడికెడు తీసి చూడనిదే నాన్న కందిపప్పు కొనేవాడు కాదు. నేనూ కట్ట నడుమ నుంచి మూడు సీడీలు లాగి, రాయించి, తెరిపించాను. తెరుచుకున్నాయి. సంతకం పెట్టాను.

రెండేళ్ళకు చింతామణి ఊరి నుంచి ఒకామె తండ్రిని తీసుకొచ్చింది. ఆయన గుండె నాళంలో అడ్డంకి ఎంత ఉందో పాత చిత్రంలో చూసి, ఆపరేషన్ కావాలో మందులు చాలో తేల్చాలి. కంప్యూటరు ఆ సీడీని చదవడం లేదు. మళ్ళీ పరీక్ష చేద్దామంటే, అందుకోసం ఎక్కించే మందును ఆయన మూత్రపిండాలు తట్టుకోలేవన్నారు డాక్టరు.

"మీరిచ్చిందే కదన్నా. బీరువాలో గుడ్డ చుట్టి పెట్టినాము," అందామె.

రికార్డు గది టెక్నీషియన్ నాగరత్నమ్మ సీడీని వెలుతురుకు ఎత్తి, అంచు నుంచి లోపలికి పాకిన పాలిపోయిన మచ్చను చూపించింది.

"ఏమప్పా, పప్పు కొన్నట్ల కొన్నావా? ఫైలు తెరుచుకుంటే డిస్కు బాగుండాదని కాదు. చదవడంలో తప్పులు అన్ని డిస్కుల్లోనూ ఉంటాయి. చదివే డ్రైవు వాటిని లోలోపల దిద్దుకుంటా ఉంటాది. దిద్దలేని దినం దాకా నీకు చెప్పదు."

కొత్త సరుకు వస్తే ఒకటి రాసి, డ్రైవు ఎన్ని తప్పులు దిద్దిందో లెక్క తీయాలట. దాన్నే నెల రోజులు ఎండ పడే కిటికీలో ఉంచి మళ్ళీ లెక్కించాలట. లెక్క ఎగబాకితే సరుకు వాపసు.

ఆమె ఆ సీడీని ఒక పాత డ్రైవులో పెట్టి, అన్నిటికంటే తక్కువ వేగంతో, చదవని చోటనే మళ్ళీ మళ్ళీ చదివించింది. సాయంత్రానికి తెర మీద రెండేళ్ళ కిందటి ఆ గుండె కొట్టుకోవడం మొదలుపెట్టింది. డిస్కు మీద వెంట్రుక కంటే సన్నని గుర్తులు, అవీ చాలాచోట్ల చెరిగినవి. వాటిలోంచి ఒక మనిషి నెత్తురు పారడం చూశాను. అడ్డంకి అంత పెద్దది కాదని, మందులు చాలని డాక్టరు తేల్చారు. మందులు రాసి పంపించారు.

రాసిన రోజు తెరుచుకోవడం నాణ్యతకు రుజువు కాదు. దిద్దుబాట్ల లెక్కే రుజువు. ఆ తరువాత అది చూడకుండా నేను సీడీలు కొనలేదు.

ఆ ఆరువందల్లో తెరుచుకోవడం లేదని రోగులు వెనక్కి తెచ్చినవి నలభై ఆరు. నాగరత్నమ్మ చదివించగలిగినవి ఇరవై తొమ్మిది. తక్కిన పదిహేడు మందిలో పదకొండు మందికి పరీక్ష మళ్ళీ చేయాల్సి వచ్చింది. వెనక్కి రాని ఐదువందల యాభై నాలుగు ఎలా ఉన్నాయో నాకు తెలియదు.