బావని పాడొద్దన్న వారం

మా భజన బృందం తిరుపతికి బయలుదేరే ముందు వారం నేను చేసిన పని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోదగ్గ పని కూడా కాదు.

పెందుర్తిలో మా కాలనీ రామమందిరంలో శనివారం సాయంత్రాలు కూర్చుని పాడుకునే తొమ్మిది మందిమి. నేను ముందు చరణం ఎత్తుకుంటాను, మిగతావాళ్లు అందుకుని వంత పాడతారు. పెద్ద విద్వాంసుణ్ణేమీ కాను. స్టీల్ ప్లాంటులో ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను; అక్కడ మనుషుల్ని అదిలించిన నోరు ఇక్కడా ఊరుకోలేదు. ఎవరి తాళం తప్పినా అక్కడికక్కడే కడిగేసేవాణ్ణి. ఎదురు చెప్పేవాళ్లు లేక నా మాటే శాస్త్రమైపోయింది.

నా ఎడమపక్క కూర్చునేవాడొక్కడే కాలనీవాడు కాదు. సముద్రం ఒడ్డు నుంచి రెండు బస్సులు మారి వచ్చే జాలరి. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్లం. బోటు మీద గాలిలో అరిచి అరిచి బండబారిన గొంతు అతనిది. అయినా నా చరణం పూర్తవుతూండగానే అందరికంటే ముందు అందుకునేవాడు.

దారిలో నాలుగు గుళ్లలో పాడి చివరికి తిరుపతి చేరాలని ప్రయాణం. అందుకని వారం రోజులు రోజూ సాయంత్రం రిహార్సల్ పెట్టాను. బావ ఆ వారమంతా వేటకు పోవడం మానేశాడు. కొత్త పంచె కొనుక్కుని, మడత విప్పకుండా తెచ్చి అందరికీ చూపించాడు.

మూడోరోజు పాడింది ఫోన్లో రికార్డు చేసి ఇంటికెళ్లి విన్నాను. అందరూ కలిసి పాడే చోట ఒక గొంతు శ్రుతి తప్పి కిందికి జారిపోతోంది. ఎవరిదో తెలిసేంత స్పష్టంగా లేదు. నాకు మాత్రం అనుమానమే లేదు. బండగొంతు ఎవరిదో తెలుసుగా! నేను ఒక్కణ్ణీ పాడిన చరణాలు వినాలని తోచనే లేదు, దాటించేశాను.

మర్నాడు అందరూ రాకముందే చెప్పులు విడిచే చోట అతన్ని ఆపాను.

"బావా, ఈపాలికి నువ్వు తాళం ఏసుకో సాలు. గొంతెత్తకు. ఊరికే నోరాడించు, సూసేవోళ్లకి తేడా తెలీదు."

"ఏటి బావా, అంత పాడైపోనాదా నా గొంతు?"

"రికార్డులో ఇన్నాను. నాను సెప్తన్నాను కదా."

అతను కాసేపు చేతిలోని తాళాల తాడు సరిచేసుకున్నాడు. "నీకు తెలిసినంత నాకేటి తెలుస్తాది. అలాగే కానీ" అని లోపలికి వెళ్లి ఎప్పటి చోటే కూర్చున్నాడు.

ఆరోజూ రికార్డు చేశాను. ఈసారి మొదటి నుంచీ విన్నాను. బావ గొంతు ఎక్కడా లేదు. జారే గొంతు మాత్రం అలాగే ఉంది. నేనొక్కణ్ణే చరణం ఎత్తుకునే చోట కూడా జారుతోంది. మూడుసార్లు విని, రికార్డు చెరిపేశాను.

ప్రయాణానికి ఇంకా మూడు రోజులున్నాయి. పొరపాటు నాదని ఒక్క మాట అంటే సరిపోయేది. రోజూ అనాలనుకునే వెళ్లేవాణ్ణి. అందర్నీ తిట్టి పాడించినవాణ్ణి, నా శ్రుతే బాగోలేదని ఏ మొహంతో చెప్పను? సిగ్గేసింది. నిజం చెప్పాలంటే భయం కూడా వేసింది, ముందు కూర్చునే చోటు పోతుందని. ఇంట్లో తలుపులేసుకుని సాధన చేసి నా గొంతు కాస్త సర్దుకున్నాను. అతన్ని మాత్రం పాడమనలేదు.

నాలుగు గుళ్లలోనూ బావ తాళం వేశాడు, పెదవులు కదిపాడు. తిరుపతిలోనూ అంతే. ఆ రోజు మా పాట అయ్యాక ఇద్దరం మెట్ల మీద కూర్చున్నప్పుడు ఇక ఉండబట్టలేకపోయాను.

"సామి ముందైనా ఓపాలి పాడీయలేకపోనావా బావా?"

"నువ్వొద్దన్నావు కదేటి" అన్నాడు. అందులో నిష్ఠూరం ఏమీ లేదు. "సామికి మనసులోనే సెప్పుకున్నాను. ఇన్నాళ్లూ ఈ గొంతేసుకుని నీ సెవులు నొప్పెట్టించీసినాను, తప్పు కాయి తండ్రీ అని."

చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది.

"లే బావా, రైలుకి టైమవుతంది" అన్నాను.