ఉల్లిగడ్డలు గెలిచిన ఎల్ అలమైన్

మా ముత్తాత ఏడూళ్ల దొర. మా తాత ఎదుట ఎవరూ చెప్పులేసుకుని నడవలేదు. ఆయన మనవణ్ణయిన నేను డెబ్బైల చివర్లో గల్ఫ్‌లో, అల్ కుసైస్ కూలీల క్యాంపులో, కడప ముసలి వంటాయన ముందు పళ్లెం పట్టుకుని నిలబడేవాణ్ణి.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆ వంటాయన తెల్లవాళ్ల ఫౌజుకు వండాడు. ప్రతి శుక్రవారం బల్లమీద తను చూసిన ఎల్ అలమైన్ ఎడారి పోరు పరిచేవాడు. టమాటాలు జర్మన్లు, ఉల్లిగడ్డలు మనవాళ్లు. చివరి టమాటాను కోసి "ఖలాస్! యుద్ధం ఈడే మళ్లింది" అన్నాకే పొయ్యి వెలిగేది.

ఒకసారి అందరి ముందూ అన్నాను: "మా తాత అక్కడ గుర్రమెక్కి కొట్లాడిండు."

"ట్యాంకుల యుద్ధంలో గుర్రం యాడిది దొరా?"

క్యాంపంతా నవ్వింది. నా మొహం చూసి ఆయన ఒక వెల్లుల్లిపాయను ఉల్లిగడ్డల ముందు నిలబెట్టాడు.

"ఆఁ, గుర్తొచ్చింది. నేనే గడ్డేసినా ఆ గుర్రానికి. జీను ఉందా ఇంట్లో?"

ఈసారి ఆయనతో అబద్ధమాడలేకపోయాను. వెండి తాపడం చేసిన ఆ జీనును నా వీసా కోసం అమ్మేశాం.