సెరంగూన్ పెరట్లో తేనెపిట్ట గూడు

సాంబశివరావు సింగపూర్ వచ్చింది కంప్యూటర్ల వై టూ కే పని కోసం. సైన్స్ పార్క్‌లో మూడేళ్లు పనిచేశాక, 2001లో కంపెనీ మూతపడి ఉద్యోగం పోయింది. భార్య భానుమతి బ్యాంకుకు వెళ్లాక సెరంగూన్‌లోని అద్దె ఇంట్లో పగలంతా ఒక్కడే ఉండేవాడు.

పెరట్లో మందార కొమ్మకు తేనెపిట్ట సంచిలాంటి గూడు కట్టి పిల్లల్ని చేసింది. అది గాలిలో నిలబడి మేత పెట్టేటప్పుడు రెక్కలు మసకగా తప్ప కనబడేవి కావు. హమ్మింగ్‌బర్డ్ ఫొటోల్లోలా ఆ రెక్కల్ని తన కెమెరాతో ఆపి చూపాలని అతనికి పట్టుదల పుట్టింది. గూటికి రెండు వైపులా ఫ్లాష్‌లు నిలబెట్టాడు. ఆకుల నీడ అడ్డం పడుతోందని కత్తెర పట్టుకెళ్లాడు.

“అన్నీ కోసేశారేంటండీ? కాకులకి కనబడదూ?” అంది భానుమతి.

“రెండ్రోజుల్లో అయిపోద్దిలే.”

మూడోరోజు పొద్దున అతను లోపల ఫిల్ము మారుస్తుండగా కాకులు వచ్చాయి. పరుగెత్తుకొచ్చేసరికి గూడు చీలిపోయి ఉంది. ఒక పిల్లను కాకి ఎత్తుకుపోయింది. కిందపడ్డ రెండోదాన్ని గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. మధ్యాహ్నానికి అదీ చనిపోయింది. తల్లిపిట్ట మాత్రం సాయంత్రం దాకా ముక్కున పురుగు కరుచుకుని వస్తూనే ఉంది.

ఫిల్ము కడిగిస్తే ఒక ఫొటో అద్భుతంగా వచ్చింది. రెక్కలోని ఈకలు లెక్కపెట్టొచ్చు. కింద రెండు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. అతను ఏదైనా బాగా చేశాడని ఎవరైనా అని చాలా నెలలైంది. ఆదివారం దాన్ని ఊరికి ఉత్తరాన ఉన్న సెంబవాంగ్ పేటకు తీసుకెళ్లాడు. అక్కడ అబ్దుల్ ఖాదిర్ అనే పెద్దాయన ఫ్లాట్‌లో పక్షుల ఫొటోలు తీసే తెలుగువాళ్లు కలుస్తుంటారు.

అందరూ మెచ్చుకున్నారు. ఖాదిర్ ఫొటోను గోడకు పెట్టి, కళ్లద్దాలు సవరించుకుని చూశాడు.

“గూడు సుట్టు ఆకులు లేవేంది రావు సాబ్?”

“గాలికి రాలిపోయాయండీ.”

కొత్తగా చేరిన మహీధర్ పక్కకొచ్చాడు.

“మా కిటికీ దగ్గర కూడా గూడుంది అంకుల్. ఫ్లాష్ ఎంత దగ్గర పెట్టాలి?”

సాంబశివరావు గోడమీది ఫొటో వైపు చూశాడు. తర్వాత అందరికీ వినబడేలా చెప్పాడు.

“వద్దు బాబూ. ఆకులు నేనే కోశాను. కాకులొచ్చాయి. ఆ రెండు పిల్లలూ లేవు.”

ఖాదిర్ ఫొటోను గోడ మీంచి తీసి అతని చేతిలో పెట్టాడు.

“ఇది ఈడ వద్దు. మీరు రండి, ఫొటో తేకుండ్రి.”

అతను మళ్లీ వెళ్లలేదు. ఆ సంగతి విన్నాక భానుమతి, “చెప్పకపోతే ఎవరికి తెలిసేది?” అంది.

“ఆ అబ్బాయి కూడా కోసేవాడు,” అన్నాడు.

ఆరు నెలలకు చిన్న ఉద్యోగం దొరికింది. కెమెరా అలమరాలోనే ఉండిపోయింది. ఆ పెరట్లో మళ్లీ తేనెపిట్ట గూడు కట్టలేదు.