పగటి సీసా

బాలనర్సయ్యది జాలిగుండె. ఆ జాలే ఒక ఆడపిల్ల కొంప ముంచింది.

నార్సింగి మనిషి. చెరువులో వల వేసి పెరిగినవాడు. డెబ్బై మూడులో పట్నంలోని ఒక కాలేజీలో, జంతుశాస్త్రం వాళ్ళ దగ్గర అటెండరుగా చేరాడు. అక్కడ పరిశోధన చేసే రత్నమాల పగడాల దీవులకు పోతూ, వల తెలిసినవాడు కదా అని అతన్ని వెంట తీసుకుపోయింది. గుంటూరు నుంచి వచ్చి స్కాలర్‌షిప్పు మీద నెట్టుకొస్తున్న పిల్ల. ఆమెకు కావలసింది చేపలు కాదు, చేపలకు మేతయ్యే జీవాలు, కంటికి ఆననంత చిన్నవి. పగలు అవి పగడాల సందుల్లో దాక్కుంటాయనీ, చీకటి పడ్డాక నీళ్ళలోకి లేస్తాయనీ ఆమె ఊహ. అది రుజువైతే డాక్టరేటు, కాకపోతే ఇంటిదారి.

తీరా పోతే ఆమెకు సముద్రం పడలేదు. పడవ ఎక్కితే వాంతులు. దాంతో పొద్దునా మాపునా సన్నగుడ్డ వల లాగి, పడినదాన్ని, కుళ్ళకుండా మందు పోసిన సీసాల్లోకి వంపే పని బాలనర్సయ్య నెత్తిన పడింది. వాటిని ఎందుకు పట్టాలో అతనికి ఎవరూ చెప్పలేదు. అటెండరుకు చెప్పేదేమిటి!

మాపటి సీసా అడుగున గంజిలా చిక్కగా పేరుకునేది. పొద్దుటిది ఉత్త నీళ్ళే. నార్సింగిలో ఒక ఆనవాయితీ ఉంది. వల ఖాళీగా వచ్చినవాడి బుట్టలో, బాగా పడ్డవాడు దోసెడు చేపలు వేసి పంపాలి. ఉత్త బుట్టతో ఎవరినీ ఇంటికి పోనివ్వరు. బాలనర్సయ్య ఆ ధర్మమే పాటించాడు. రోజూ మాపటి సీసాలో సగం పొద్దుటి సీసాలోకి వంపాడు.

పట్నం వచ్చాక రత్నమాల నెలల తరబడి మైక్రోస్కోపు మీద వంగి కళ్ళు పాడుచేసుకుంది. పగలూ రాత్రీ ఒక్క తీరే. ఆమె గురువు విశ్వేశ్వరరావు పెదవి విరిచాడు.

"నీ ఊహ తప్పమ్మా. ఇక స్కాలర్‌షిప్పు పొడిగించమని నేను అడగలేను."

బల్ల మీద తల ఆన్చి ఏడుస్తున్న రత్నమాలను బాలనర్సయ్య ఓదార్చబోయాడు.

"ఏడ్వకు బిడ్డా. పొద్దటి సీసలు ఉత్తగుంటె ఇంకెంత పరేషాన్ అయ్యేటిదానివో! నేనే రోజింత మాపటిదాంట్లకెల్లి వంపిన."

ఆమె తల ఎత్తింది. "అన్నిట్లోనా?"

"అన్నిట్ల. ఒక్కటి గూడ ఉత్తగ ఉంచలె."

"నేను వెతికింది ఆ ఖాళీనే, బాలనర్సయ్యా."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బాలనర్సయ్య విశ్వేశ్వరరావు దగ్గరికి పరుగెత్తి జరిగింది చెప్పి, తప్పు తనదేనని కాళ్ళు పట్టుకున్నాడు.

"అటెండరు మాట పట్టుకుని డాక్టరేటు ఇస్తారా? మళ్ళీ దీవులకు పంపడానికి డబ్బెక్కడిది? ఈ సంగతి బయట అన్నావంటే నీ ఉద్యోగం ఉండదు" అన్నాడాయన. రత్నమాల ఆ వారమే గుంటూరు వెళ్ళిపోయింది.

డెబ్బై ఆరులో డబ్బు వచ్చింది. భీమేశ్వరరావు అనే కొత్త విద్యార్థి అవే దీవులకు పోయాడు. వల లాగింది బాలనర్సయ్యే. ఈసారి ఏ సీసా జోలికీ పోలేదు.

"పగలు ఏమీ లేవు సార్! దాక్కుంటున్నాయి!" తిరిగొచ్చి గంతులేశాడు భీమేశ్వరరావు.

"నేను ముందే అనుకున్నాను" అని విశ్వేశ్వరరావు అతని భుజం తట్టాడు.

బాలనర్సయ్య ఉండబట్టలేకపోయాడు. "గా మాట మొదాలు రత్నమాలమ్మ అన్నది సార్."

"ఏ రత్నమాల?" అన్నాడు విశ్వేశ్వరరావు. నటన కాదు. ఆయనకు నిజంగానే గుర్తు లేదు.