నీలమ్మ చివరి రొట్టెలు

రాయదుర్గం మెట్రో మెట్ల దగ్గర నీలమ్మ ఆ సాయంత్రం కూడా అరచేత్తో తట్టి జొన్నరొట్టెలు కాల్చింది. డెబ్బై దాటినా, ఎవరికి ఎంత కారం కావాలో ఎన్నడూ మరచిపోని మనిషి. ఆ రోజు మాత్రం కాలిన రొట్టెనే మళ్లీ పెనం మీద వేసింది. కొడుకు నర్సింహను చనిపోయిన తన తమ్ముడి పేరుతో పిలిచింది. "ఏందవ్వా, పెండ్లి గిట్ల కుదిరిందా?" అని ఆఫీసు పిల్లలు నవ్వారు. నర్సింహ కూడా నవ్వి, ఆమె నుదురు తాకి చూశాడు. "జరం లేదు, దగ్గు లేదు. ఫికర్ చెయ్యకు బిడ్డా," అంది. ఆమె ఎగశ్వాస తీస్తుంటే పొయ్యి సెగ వల్లే అనుకున్నాడు.

తెల్లారి ఆమె లేవలేదు. దవాఖానలో ఆక్సిజన్ పెట్టారు, మందులెక్కించారు. ఊపిరితిత్తులు రెండూ అప్పటికే పాడైపోయాయి. ఆమె పోయాక డాక్టరమ్మ నర్సింహతో చెప్పింది: ముసలివాళ్లలో న్యుమోనియా ఒక్కోసారి జ్వరం లేకుండానే వస్తుందట, ముందుగా మనిషి తికమకపడటమే కనిపిస్తుందట.